ఇరవై ఏడు ఫోన్లు, ఒక్క ముఖం

ఎనభై ఆరులో గోదావరి మా లంకని ముంచింది. అది జరిగిన ముప్పై తొమ్మిదో ఏట, శ్రావణ మాసంలో, సింగపూర్ తెలుగు ప్రగతి సమితి అధ్యక్షులు సుధాకరరావు గారు ఒక ప్రకటన చేశారు. ఆ ప్రకటన ప్రకారం, వచ్చే ఆదివారం ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకి, బూన్ లే చుట్టుపక్కల ఉన్న తెలుగు వృద్ధులందరూ డిజిటల్ యుగంలోకి అడుగు పెడతారు. తలకో కొత్త ఫోను ఉచితం. టిఫిను ఉంటుంది.

ఆ వరదలో ఇల్లు పోయాక నేను ఈ దేశం వచ్చాను. జురాంగ్‌లో ఓడల తుప్పు గీకి రంగు వేసే పని. రిటైరయ్యాక కూడా అదే బూన్ లేలో రెండో అంతస్తు ఫ్లాటులో ఉన్నాం, నేనూ, నా భార్య మంగతాయారూ, పాలిటెక్నిక్‌లో చదువుకునే మా మనవరాలు నిఖిలా.

యుగాల మీద నాకు పట్టింపు లేదు. మంగతాయారు కళ్ల కోసం వెళ్లాను. ఆవిడకి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి శుక్లం. దోసె మాడిందో లేదో వాసన చూసి చెబుతుంది. మనిషి ఎవరో చెప్పుల చప్పుడు విని చెబుతుంది. ఆపరేషనుకి నాలుగు నెలలుగా వరసలో ఉన్నాం. తేదీ ఖాయం కాగానే నా నంబరుకి మెసేజీ వస్తుంది, అందులో ఉన్న లింకు నొక్కాలి, నొక్కకపోతే ఆ తేదీ తర్వాతివాళ్లకి పోతుంది అని ఆసుపత్రి వాళ్లు చెప్పారు. నా బటన్ల ఫోనులో లింకులు తెరుచుకోవు. అదీ సంగతి.

సభ ఘనంగా జరిగింది. సుధాకరరావు గారికి ఒత్తు జుట్టు, ఒత్తు మీసం. రెండూ నల్లవే. మన రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీకి విదేశీ విభాగం ఒకటుంది. దానికి కన్వీనరు పదవి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గురించి ఆయన ఎంత బాధ పడుతున్నారో ఆయన ఉపన్యాసంలో ప్రతి అయిదో వాక్యం చెప్పింది.

"పదవులు నాకు పూచికపుల్లతో సమానం. ఆ పూచికపుల్ల నాకు దక్కితే తిరుమల వచ్చి తలనీలాలిస్తానని ఇప్పుడే, మీ అందరి ముందూ మొక్కుకుంటున్నాను" అన్నారు. చప్పట్లు కొట్టాం. ఇడ్లీలు అప్పటికింకా రాలేదు.

తర్వాత ఇత్తడి పళ్లెంలో మా పాత ఫోన్లు పోగుచేశారు. ప్రారంభోత్సవం అన్నాక ఏదో ఒకటి కత్తిరించాలి. రిబ్బనులో కొత్తదనం లేదని సుధాకరరావు గారు వెండి కత్తెరతో మా పాత సిమ్ము కార్డులు కత్తిరించారు. ఇరవై ఏడు కార్డులు, యాభై నాలుగు ముక్కలు. ఇక కార్డుతో పని లేదట, నంబరు గాలిలోంచి కొత్త ఫోనులోకి వస్తుందట. గాలి సమితి పేరు మీద ఉందట.

ఆ తర్వాత ఫోన్లు తెరవడం మొదలైంది. సమితి టెక్నికల్ సెక్రటరీ కృష్ణచైతన్య, బ్యాంకులో కంప్యూటర్లు చూసే కుర్రాడు, ఒక ఫోను నాకు చూపించబోయాడు.

"సార్, ఇక్కడ ఓనర్ మొహం పెట్టాలి."

సుధాకరరావు గారు నవ్వారు. "ఏ ప్రారంభోత్సవానికైనా ఓనరు వచ్చి కత్తిరించగా చూశావా?"

"లేదు సార్."

"బస్టాండు ఓపెనింగు ప్రయాణికుడు చేస్తాడా? ఆసుపత్రి ఓపెనింగు రోగి చేస్తాడా?"

"లేదు సార్. కానీ ఇది లాక్..."

"శుభమా అని ఓపెనింగ్ చేస్తుంటే లాకంటావేంటయ్యా?"

కృష్ణచైతన్య ఫోను ఆయన వైపు తిప్పాడు. చదువుకున్న పిల్లవాడు, ఎప్పుడు ఊరుకోవాలో తెలుసు. అధ్యక్షులవారు ఇరవై ఏడు ఫోన్లలోనూ తమ ముఖమే చూపించారు. ఫోను తల ఎడమకి తిప్పమంటే తిప్పారు, కుడికంటే కుడికి, పైకంటే పైకి. ఆయన చేత అంత వినయంగా తల ఆడించినవాళ్లలో మంత్రిగారి తర్వాత ఆ ఫోన్లే.

ముఖంతోపాటు రహస్య సంఖ్య కూడా ఒకటి పెట్టాలట. రాజమండ్రి సిద్ధాంతి గారు గణించి ఇచ్చిన పదహారు అంకెల సంఖ్య పసుపు కాగితం మీద ఆయన జేబులో ఉంది. అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఇరవై ఏడుసార్లు చూసి కొట్టారు. పైకి చెబితే ఫలితం పోతుందట. సభ అయ్యాక తన సొంత ఫోనుకి కూడా శుభమని అదే సంఖ్య పెట్టుకున్నారు.

చివర్లో కృష్ణచైతన్య వీడియో తీశాడు.

"అంకుల్, కొత్త స్మార్ట్‌ఫోన్ మీద మీ ఫస్ట్ ఇంప్రెషన్స్ చెప్పండి."

"నున్నగా ఉంది."

"ఇంకా?"

"జారుతుంది."

మర్నాడు ఆ వీడియో సమితి పేజీలో పెట్టారు. నా పెదాలు రెండుసార్లు కదిలాయి. గొంతు మాత్రం "నా జీవితం మారిపోయింది, సుధాకరరావు గారి రుణం తీర్చుకోలేను" అంది. గొంతు కృష్ణచైతన్యది.

సభ రోజు ఇంటికొచ్చి ఫోను ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాను. లోపల్నుంచి ఒకావిడ చక్కటి తెలుగులో మాట్లాడింది. "క్షమించండి. ఈ ముఖం సరిపోలలేదు."

ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర 'లా' తగిలించే నిఖిల వచ్చి చూసింది. "తాతయ్యా, ఇందులో ఉన్నది నీ ఫేస్ కాదు లా. పాస్‌కోడ్ చెప్పు, నేను మార్చేస్తా."

"లేదు."

"లేదంటే?"

"ఆయన జేబులో ఉంది."

"వాట్? హౌ కెన్?"

జరిగింది తెలుగులో చెప్పాను. ఇంగ్లీషులో అలా జరగదంది.

మర్నాడు సాయంత్రం చోవా చూ కాంగ్‌లో ఆయన ఫ్లాటుకి వెళ్లాను. అప్పటికే మిగతా ఇరవై ఆరుగురూ లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు బాలనాగమ్మ గారు. గుంటూరావిడ. నోరు ఆగదు. ఆయన బయటికి రాగానే అందుకుంది.

"ఏందయ్యా సుధాకరా! ఫోను నాకిచ్చి మొహం నీ దగ్గర పెట్టుకుంటే ఎట్టయ్యా? నా చెల్లెలికి ఫోను చేయాలంటే నిన్ను వెంటేసుకు తిరగాల్నా?"

కృష్ణచైతన్య ముందుకొచ్చాడు. "సార్, ఆ నంబరు ఒక్కసారి కొడితే చాలు. ఎవరి మొహం వాళ్లకి పెట్టేస్తాను. అరగంట పని."

సుధాకరరావు గారు మమ్మల్ని తేరిపార చూశారు. కాసేపు లెక్కపెట్టారు.

"మొన్న మన ఉగాదికి ఎంతమంది వచ్చారు?"

"పంతొమ్మిది మంది సార్. అందులో వంటవాళ్లు నలుగురు."

"ఇవాళ?"

"ఇరవై ఏడు."

"టిఫిను పెడతామన్నామా?"

"లేదు సార్."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా ముఖాన్ని నా ప్రజల నుంచి వేరు చెయ్యమంటావా?" అన్నారు. "ఆ పాపం నేను చెయ్యను. ఇంత దూరం వీళ్లెందుకు రావాలి? నేనే బూన్ లే వస్తాను. రోజూ."

అన్నమాట నిలబెట్టుకున్నారు. మా బ్లాకు కింద వాయిడ్ డెక్కులో, అంటే గోడల్లేని ఖాళీ నేల అంతస్తులో, రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ముఖం ఏర్పాటు చేశారు. నిలువెత్తు ఫ్లెక్సీ ఒకటి వచ్చింది. ఆయనకి ఎప్పుడో జరిగిన సన్మానం ఫోటో, ఒత్తు జుట్టు, ఒత్తు మీసం, చిరునవ్వు. కింద "అందరి ఫోను – ఒక్క ముఖం" అని అక్షరాలు. పక్కన వరసగా ప్లాస్టిక్ స్టూళ్లు. హాకర్ సెంటరు తిండి దుకాణాల్లో జనం బల్లని చోప్ చేసినట్టు, అంటే ముందే తమదని గుర్తు పెట్టుకున్నట్టు, బాలనాగమ్మ గారు నాలుగింటికే దిగి మొదటి స్టూలు మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి వెళ్లేది. అయిదయ్యేసరికి ఇరవై ఏడు స్టూళ్ల మీదా టిష్యూ ప్యాకెట్లే.

ఆయన కూర్చునేవారు. మేము ఒక్కొక్కరం ఫోను పట్టుకుని ముందుకెళ్లేవాళ్లం. ఆయన చూసేవారు. "స్వాగతం, సుధాకరరావు గారూ" అనేది లోపలావిడ. ముందుగా ఆయన మా ఫోను తీసుకుని తమ పేజీకి ఒక లైకు కొట్టుకుని, ఆ తర్వాత మాకిచ్చేవారు. అక్కడే నిలబడి ఎవరికి చెయ్యాల్సిన ఫోన్లు వాళ్లు చేసుకోవాలి. పక్కకి తిరిగితే మళ్లీ మూతపడుతుంది. ఒకసారి బాలనాగమ్మ గారు గుంటూరులో చెల్లెలితో మాట్లాడుతూ ఏడ్చింది. అందరం విన్నాం. కృష్ణచైతన్య ఫోటో తీశాడు. "నేత ఎదుట ఆనందబాష్పాలు" అని పేజీలో వేశారు.

ఇంకోరోజు లిఫ్టు ఆగిపోయి ఆవిడ ఏడూ రెండుకి దిగింది. "టైము టైమేనమ్మా" అంటూ ఆయన లేచి వెళ్లిపోయారు. క్రమశిక్షణ అంటే అది.

రోజుకి ఇరవై ఏడు మంది. నెలకి ఎనిమిది వందల పది. ఆ అంకె రాష్ట్రంలో పార్టీ ఆఫీసుకి వెళ్లింది. విదేశంలో, టిఫిను లేకుండా, ఒక నాయకుడి ముఖం చూడ్డానికి నెలకి ఎనిమిది వందల పది మంది. పార్టీ చరిత్రలో లేదట. నలభై రోజులు తిరక్కుండానే మంత్రిగారు స్వయంగా ఫోను చేసి కన్వీనరు పదవి ఖాయమని చెప్పారు.

ఆ మంగళవారం ఆయన తిరుమల బయల్దేరారు. పదో రోజున, తర్వాతి వారం గురువారం వస్తానన్నారు. ఫ్లెక్సీ చుట్టే స్ప్రింగు పాడై అది ముడుచుకోవడం మానేసింది. అందరికంటే దగ్గరి ఇల్లు నాదని, ఆయన వచ్చేదాకా మా హాల్లో నిలబెట్టించారు.

ఆయన విమానం ఎక్కిన మర్నాడే ఫోను మోగింది. ఫోను వస్తే ఎత్తడానికి ముఖం అక్కర్లేదు, ఆ మాత్రం దయ ఉంది దానికి. ఆసుపత్రి నర్సు. తమిళంలో చెప్పింది. మీ మంగతాయారు గారికి తేదీ దొరికింది, మెసేజీ పంపాం, వచ్చే వారం శుక్రవారం సాయంత్రం అయిదు లోపల లింకు నొక్కండి.

"మీరే నొక్కండమ్మా" అన్నాను.

"నా చేతిలో లేదు అంకుల్."

ఫోను కింద పెట్టాను. మెసేజీ వచ్చినట్టు గుర్తు కనిపిస్తోంది. లోపల ఏముందో కనపడదు.

నిఖిల ఆసుపత్రికి ఫోను చేసింది, తన నంబరుకి పంపమంది. నంబరు మార్చాలంటే పాత నంబరుకి ఓటీపీ వస్తుంది, అది చెప్పాలన్నారు. ఓటీపీ వచ్చింది. లోపల ఉండిపోయింది. ఫోను కంపెనీ దుకాణానికి వెళ్లాం. నంబరు సమితి పేరు మీద ఉంది, అధ్యక్షులు రావాలన్నారు. అధ్యక్షులు కొండ మీద ఉన్నారు, ఫోను ఎత్తడం లేదు.

"ఇంతకుముందు వీళ్లు ఫోనుల్లేకుండా ఎలా కళ్లు కోసేవారో" అంది మంగతాయారు.

ఆవిడ ఆ పది రోజులూ ఇంకో ధ్యాసలో ఉంది. మొదటి రోజు పొద్దున హాల్లోకి వచ్చి, గుమ్మం పక్క మసగ్గా నిలబడ్డ ఆకారాన్ని చూసి, పమిట సర్దుకుంది.

"ఎంతసేపైందండి వచ్చి? నిలబడ్డారేంటి, కూర్చోండి బాబూ."

బొమ్మ కూర్చోలేదు.

"ఏవండీ, సుధాకరరావు గారొచ్చారు, కుర్చీ వెయ్యండి" అని నన్ను కేకేసింది. నేను చెప్పాను, అది ఫ్లెక్సీ అని. సరేనంది. మర్నాటికి మళ్లీ మర్చిపోయి కాఫీ కలిపి తెచ్చింది. నాలుగో రోజు నుంచి నేను చెప్పడం మానేశాను. ఆ కాఫీ నేనే తాగేవాణ్ని.

"మనిషి మంచోడేనండి, ఆయ్" అంది ఓ రోజు. "అనవసరంగా ఒక్క మాటాడ్డు."

తెరుచుకోని ఫోను చేతిలో ఎందుకని వంటింట్లో బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టాను.

గురువారం సాయంత్రం ఆరింటికి కన్వీనరు గారు వాయిడ్ డెక్కులో దిగారు. స్టూళ్లు నిండిపోయాయి. నేను మొదటి స్టూలు చోప్ చేశాను. బాలనాగమ్మ గారు నా వైపు చూసి, మంగతాయారు సంగతి తెలుసు కాబట్టి, తన టిష్యూ ప్యాకెట్టు తీసి రెండో దాని మీద పెట్టుకుంది.

ఆయన టోపీ తీశారు. గుండు. నున్నగా, గంధం పూసి ఉంది. మీసం కూడా లేదు. మొక్కు మొక్కే. పది రోజుల కిందటి దాకా ఆ మీసం కింద ఎంత చిన్న మూతి ఉందో ఎవరికీ తెలియదు.

ఫోను ఎత్తి చూపించాను.

"క్షమించండి. ఈ ముఖం సరిపోలలేదు."

"కొండ దిగిన దగ్గర్నుంచి నా ఫోనూ ఇలాగే మొరాయిస్తోంది. సరిగ్గా పట్టుకోండి ఏడుకొండలు గారూ" అన్నారు.

సరిగ్గా పట్టుకున్నాను. ఆవిడ మళ్లీ క్షమించమంది. బాలనాగమ్మ గారి ఫోను, ఆ తర్వాతది, ఆ తర్వాతది. ఇరవై ఏడు ఫోన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆయన్ని క్షమించమన్నాయి.

"సార్, ఇక ఆ నంబరే కొట్టాలి" అన్నాడు కృష్ణచైతన్య. "కాగితం ఇవ్వండి."

సుధాకరరావు గారు జేబు తడుముకోలేదు. "హుండీలో వేశాను" అన్నారు.

"ఏంటి సార్?"

"కోరిక తీరాక సంఖ్య మన దగ్గర ఉండకూడదని సిద్ధాంతి గారు చెప్పారు. తలనీలాలతోపాటు అదీ సమర్పించేశాను."

"గుర్తు లేదా సార్?"

"పదహారు అంకెలయ్యా!"

కృష్ణచైతన్య మార్కరు పెన్నుతో ఆయనకి మీసం గీశాడు. సరిపోలలేదు. బాలనాగమ్మ గారు జడలోంచి సవరం ఊడదీసి ఇచ్చింది. నెత్తిన పెట్టుకుని, చివరలు రెండు చేతుల్తో పట్టుకుని, ఎడమకి తిరిగారు, కుడికి తిరిగారు, పైకి చూశారు. సరిపోలలేదు. ముప్పై సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించమంది లోపలావిడ. ఏడింటి దాకా ఆగి ఆగి ప్రయత్నించాం.

"జుట్టు ఎన్నాళ్లకి వస్తుంది?" అన్నాను.

"మూడు నెలలు. మీరు నాకోసం ఆ మాత్రం ఓపిక పట్టలేరా?"

నాకు ఇరవై రెండు గంటల టైమే ఉంది. ఏడైంది. కన్వీనరు గారు టైము ప్రకారం వెళ్లిపోయారు, మీసం తుడుచుకుంటూ.

మెట్లెక్కి ఇంటికొచ్చాను. హాల్లో ఆయన నిలబడే ఉన్నారు, జుట్టుతో, మీసంతో, చిరునవ్వుతో. నాకు కోపం రావడం తక్కువ. ఆ రోజు వచ్చింది. ఫోను ఆ ముఖానికి ఎదురుగా పట్టుకుని, "చూడు నీ నిర్వాకం" అన్నాను.

"స్వాగతం, సుధాకరరావు గారూ" అంది ఫోను.

నిఖిల గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. "తాతయ్యా, కదలకు! చెయ్యి తిప్పకు! హోల్డ్ లైక్ దట్!"

నేను కదల్లేదు. ఓడ అంచున తాళ్ల మీద వేలాడుతూ ముప్పై ఏళ్లు పని చేసినవాణ్ని, కదలకుండా ఉండడం వచ్చు. నిఖిల నా చంక కిందనుంచి చెయ్యి పెట్టి మెసేజీ తెరిచింది, లింకు నొక్కింది, ఇంకో రెండు చోట్ల నొక్కింది.

"కన్ఫర్మ్డ్. నెక్స్ట్ మంత్, ఫోర్టీన్త్. అమ్మమ్మా, డేట్ వచ్చేసింది!"

మంగతాయారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బొమ్మ వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

"నేను చెప్పలేదటండి, మంచోడని."

మర్నాడు పొద్దున ఆరింటికి ఫ్లెక్సీని కిందికి దింపి పాత చోటే నిలబెట్టాను. బాలనాగమ్మ గారికి మాత్రమే చెప్పాను. అది చాలు. పావుగంటలో ఇరవై ఆరుగురూ దిగారు. బొమ్మ అందర్నీ చూసింది. లైకు అడగలేదు. బాలనాగమ్మ గారు స్టూలు దగ్గరికి లాక్కుని, ఫోను బొమ్మకి చూపిస్తూనే, గుంటూరులో చెల్లెలితో పది నిమిషాలు నవ్వుతూ మాట్లాడింది.

ఏడుకి అయిదు నిమిషాలుందనగా టాక్సీ ఒకటి ఆగింది. టోపీ పెట్టుకున్న మనిషి దిగి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో తన సొంత ఫోను.

"ఏడుకొండలన్నా! బాలనాగమ్మ గారు కృష్ణచైతన్యకి చెప్పారట. ఒక్కసారి అన్నా, ఒక్కసారి. పదింటికి మంత్రిగారు వీడియోలో ప్రమాణం చేయిస్తారు. లింకు నా ఫోనులోనే ఉంది, అది నా ముఖానికి తెరుచుకోవట్లేదు."

నేను వరస చూపించాను. ముందు ఇంకా నలుగురున్నారు. ఆయన జేబులోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి చివరి స్టూలు మీద పెట్టి, దాని పక్కనే నిలబడ్డారు.

ఇద్దరు అయ్యారు. మూడో ఆయన నిదానస్తుడు. ఏడైంది.

బొమ్మని చంకన పెట్టుకున్నాను.

"అన్నా! అన్నా, నా ముఖమే కదన్నా అది!"

"టైము టైమే" అని లిఫ్టెక్కాను.

ఇంట్లో బొమ్మని గుమ్మం పక్కన దాని చోట్లో నిలబెట్టాను. కిందనుంచి కేకలు రెండో అంతస్తు దాకా వస్తున్నాయి. మంగతాయారు కిటికీ దగ్గర చెవి పెట్టి వింది.

"ఎవరో మిమ్మల్నే పిలుస్తున్నారండి. గొంతు ఎక్కడో విన్నట్టుంది. ఎవరంటారు?"

"తెలీదు. ముఖం సరిపోలలేదు" అన్నాను.

ఆవిడ గుమ్మం పక్కన నిలబడ్డ బాబుగారికి కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్లింది.